చేతి బ్యాగులో ఏడు కిలోలు: నల్లగొండ, పాలమూరు ప్రయాణికులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నల్లగొండ గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో మాది టికెట్లు తీసే చిన్న దుకాణం. టికెట్ కాగితం చేతికిచ్చి చిల్లర లెక్కపెట్టేదాకా ఎవరికీ ఏ సందేహమూ రాదు. మెట్లు దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి, "తొక్కు పట్టుకుపోవచ్చా?" అంటారు. మిగతా సందేహాలు రాత్రి పదకొండు గంటలకు, సర్దుతూ సర్దుతూ ఫోన్లో అడుగుతారు. ఒకే జవాబు వందసార్లు చెప్పే బదులు రాసి పెట్టడం మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## టికెట్ చేతికి వచ్చాక

ఏడు కిలోలు అంటే బ్యాగు బరువుతో కలిపేనా?

కలిపే. దేశీయ విమానాల్లో సాధారణ తరగతి టికెట్‌కు చేతి బ్యాగు పరిమితి ఎక్కువగా 7 కిలోలు. మీ టికెట్ మీద వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. చక్రాల గట్టి పెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. అంటే మీకు మిగిలేది నాలుగు కిలోలే. రెండు జతల బట్టలు, లాప్‌టాప్, చార్జర్ పెట్టేసరికి అది అయిపోతుంది. మెత్తటి గుడ్డ బ్యాగు కిలోలోపే ఉంటుంది. భుజం నొప్పి లేనివాళ్లకు నా సలహా గుడ్డ బ్యాగే. కొత్త పెట్టె కొనేవాళ్లు రంగు చూస్తారు, చక్రాలు తిప్పి చూస్తారు కానీ ఖాళీ పెట్టె బరువెంత అని అడిగినవాళ్లను నేను ఇప్పటిదాకా చూడలేదు.

బ్యాగు ఎంత పెద్దదైతే లోపలికి రానిస్తారు?

55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 25 మందం. మూడూ కలిపితే 115. చక్రాలు, పైన పిడి కూడా ఈ కొలతలోకే వస్తాయి. ఎక్కువగా దెబ్బతినేది మందం దగ్గర. ముందు జేబులో చెప్పులు కుక్కితే 25 కాస్తా 32 అవుతుంది. కౌంటర్ పక్కన ఇనుప చట్రం ఉంటుంది, బ్యాగు అందులో దిగాలి. తిరుపతి వంటి చోట్లకు తిరిగే చిన్న ఏటీఆర్ విమానాల్లో పై అరలు ఇంకా ఇరుకు. అందులో పట్టని బ్యాగును మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. అలా ఇవ్వాల్సి వస్తే మందులు, బంగారం, పవర్ బ్యాంకు ముందే బయటికి తీసుకోండి. ఈ మూడూ ఒకే చిన్న సంచిలో ఉంటే అరనిమిషం పని.

ఒక్క బ్యాగేనా? ఆడవాళ్ల హ్యాండ్ బ్యాగు, లాప్‌టాప్ సంచి కూడా లెక్కేనా?

నిబంధన ప్రకారం ఒక్క బ్యాగే. దానికి తోడు చిన్న హ్యాండ్ బ్యాగు గానీ లాప్‌టాప్ సంచి గానీ చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఒప్పుకోనిది మూడోది. మూడోది ఏమిటంటే, ఆఖరి నిమిషంలో పెద్దమ్మ చేతిలో పెట్టే బట్టల దుకాణం కవరు. అందులో ఒక చీర, ఒక డబ్బా, ఒక దుప్పటి ఉంటాయి. ఆ కవరుకు చోటు ముందే ఉంచుకుని సర్దండి. ఎవరూ ఇవ్వకపోతే మీ అదృష్టం.

ఇంట్లో తూకం ఎలా చూసుకోవాలి?

మనిషి బరువు చూసే మెషీన్ ఉంటే ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత బ్యాగు పట్టుకుని ఎక్కండి. తేడా మీ బ్యాగు బరువు. లేదంటే వీధి చివరి కిరాణా కొట్టు కాంటా ఉండనే ఉంది. ఆరున్నర కిలోల దగ్గర ఆపేయండి. ఆ మిగిలిన అరకిలో, బయలుదేరే ముందు గుర్తొచ్చే వస్తువులకు.

## సర్దేటప్పుడు

మామిడి తొక్కు చేతి బ్యాగులో పట్టుకుపోవచ్చా?

పట్టుకుపోకండి. మిరపకాయ పచ్చడి చేతి సామానులో కుదరదు. మామిడి తొక్కు సంగతి తనిఖీ అధికారి చూపు మీద ఆధారపడుతుంది. ఆయనకు పైకి కనిపించేది నూనె, కారం. విదేశీ ప్రయాణమైతే 100 మిల్లీలీటర్ల ద్రవాల నిబంధన అడ్డొస్తుంది కనుక ఆశే వద్దు.

మా చిన్నమ్మ తన కూతురిని చూడటానికి బెంగళూరు వెళ్తూ స్టీలు టిఫిన్ డబ్బాలో తొక్కు పెట్టుకుంది. ఎక్స్‌రే తెర మీద అది గుండ్రటి నల్ల మచ్చలా కనిపించిందట. బ్యాగు పక్కకు లాగారు. మూత అంచున నూనె అప్పటికే ఊరి, చుట్టిన తువ్వాలకు అరచేయంత ఎర్ర మరక చేసింది. మెంతుల వాసన ఆ వరస పొడవునా వ్యాపించింది. చిన్నమ్మ మూత తీసి, "తిని చూడు బిడ్డా, ఇందులో ఏముంది" అని అధికారి ముందు పెట్టింది. ఆయన నవ్వాడు కానీ తల అడ్డంగానే ఊపాడు. తెచ్చిన కారు ఇంకా పార్కింగ్‌లోనే ఉంది కనుక డబ్బా వెనక్కి వచ్చింది. ఆ ఏడాది తొక్కు మా ఇంట్లోనే అయిపోయింది.

చెకిన్ పెట్టెలో, అంటే కౌంటర్లో అప్పగించి విమానం కింద వేయించే పెట్టెలో, వేయాలన్నా పద్ధతి ఉంది. గాజు సీసా వద్దు, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మూతి మీద పాల కవరు ముక్క పరిచి, పైన మూత బిగించి, చుట్టూ టేపు వేయండి. దాన్ని రెండు కవర్లలో కట్టి, పాత నూలు చీరలో చుట్టి, పెట్టె నడిమధ్యలో పెట్టండి. అన్నింటికన్నా తెలివైన పని, ముక్కలకు ఉప్పు, కారం, మెంతిపిండి పట్టించి నూనె లేకుండా పంపడం. నూనె, పోపు అక్కడ వేసుకుంటారు. కారని తొక్కు అదొక్కటే.

కారం పొడి, పల్లీల పొడి లాంటివి?

కారం పొడి చేతి బ్యాగులో నిషిద్ధం. కళ్లలో చల్లితే ఆయుధమే కదా. మసాలా పొడులన్నింటికీ ఇదే అనుమానం అంటుకుంటుంది. పల్లీల పొడిలో కూడా కారం ఉంటుంది కనుక అన్నీ కలిపి చెకిన్ పెట్టెలో వేయండి. వేయించిన పల్లీలకు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. పాలమూరు పల్లీలు ఒక గుప్పెడు జేబులో ఉంటే విమానంలో అమ్మే తిండి వైపు చూడనక్కర్లేదు.

సకినాలు, అరిసెలు, సర్వపిండి?

నిక్షేపంగా. పొడి పిండివంటలకు అడ్డు లేదు. చేతి బ్యాగులో పెట్టడమే మంచిది కూడా, కింద వేసిన పెట్టెలో సకినాలు పిండై చేరతాయి. సకినాల వెడల్పుకు సరిపోయే గుండ్రటి డబ్బా తీసుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగు సకినాలకొక కాగితం వేయండి. పైన ఖాళీ మిగిలితే కాగితం ఉండచుట్టి పెట్టండి. డబ్బా ఊపితే చప్పుడు రాకూడదు. అరిసెలు ఒకదానికొకటి అంటుకుంటాయి తప్ప విరగవు. సర్వపిండి ఆ పూట తినడానికే. మర్నాటికి దాచినవాళ్లు దంతాల మీద నమ్మకం ఉన్నవాళ్లు.

ఎండు కుడుకలు ఎందుకు వద్దంటారు? మా పెళ్లిళ్లలో అవి లేకుండా ఎలా?

ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. మూసి ఉంచిన చోట తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉన్న సరకుల జాబితాలో దాన్ని అంతర్జాతీయ విమానయాన నిబంధనలు చేర్చాయి. మన దేశంలోనూ 2022 నుంచి చెకిన్ సామానులో కుదరదంటున్నారు. చేతిలోనూ వద్దు, పెట్టెలోనూ వద్దు. ఒడిబియ్యంలో పెట్టిన కుడుకలు మర్చిపోయి దొరికిపోయేవాళ్లే ఎక్కువ. పుట్టింటి నుంచి నేరుగా విమానానికి వెళ్లే అమ్మాయిలు ఆ మూట ఒకసారి విప్పి చూసుకోవాలి. కుడుకలు చేరే ఊళ్లో కొనుక్కోండి.

పచ్చి కొబ్బరికాయను కూడా చేతి బ్యాగులో రానివ్వరు. అయ్యప్ప భక్తుల ఇరుముడిలోని కాయకు మాత్రం శబరిమల సీజన్లో కేంద్రం తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది, 2022లోనూ 2024లోనూ. ఇరుముడితో వెళ్లేవాళ్లు ఆ ఏడాది ఉత్తర్వు వచ్చిందో లేదో కనుక్కుని టికెట్ తీసుకోండి.

బాలానగర్ సీతాఫలాలు, మన బత్తాయిలు తీసుకెళ్లవచ్చా?

దేశంలోపల ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. బత్తాయి మొండిది, ఎలా పడేసినా చేరుతుంది, కానీ బరువు. సీతాఫలం అలా కాదు. జడ్చర్ల దాటాక రోడ్డు పక్కన గంపల్లో కన్ను విప్పిన పండ్లు ఊరిస్తాయి. అవి కొంటే సాయంత్రానికి బ్యాగులో గుజ్జు. తొక్క మీద కళ్ల మధ్య గీతలు అప్పుడే తెల్లబడుతున్న గట్టి కాయలు ఏరుకోండి. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి బ్యాగు పైభాగంలో పెట్టండి. రెండు రోజుల్లో అక్కడే పండుతాయి.

అమెరికాకు పండ్లు, మాంసం వద్దు. తిండి పదార్థం ఏదున్నా దిగాక అక్కడి అధికారులకు చెప్పాలి. దాచి దొరికితే జరిమానా.

దుబాయి వెళ్తున్నాను. మసాలా సామాన్లు ఇంటి నుంచి తీసుకెళ్లనా?

గసగసాలు ఒక్కటి మాత్రం ఇంట్లోనే వదిలేయండి. మనకు అవి కూరలో చిక్కదనానికి వేసే గింజలు. ఎమిరేట్స్‌లో, సౌదీలో మాదకద్రవ్యం లెక్క. నల్లమందు మొక్క గింజలు కదా. అక్కడ ఇది పారేసి వదిలేసే వ్యవహారం కాదు, కేసు, జైలు. గరం మసాలా పొడిలో కలిపి ఉన్నా అంతే. ఎవరైనా "మా తమ్ముడికి ఇవ్వు" అని కట్టిన పొట్లం ఇస్తే విప్పి చూడండి. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

పవర్ బ్యాంకు ఎందులో పెట్టాలి?

చేతి బ్యాగులోనే. చెకిన్ పెట్టెలో పెడితే పెట్టెను ఆపి, మిమ్మల్ని వెనక్కి పిలిచి తీయిస్తారు. లిథియం బ్యాటరీ కింద సామాన్ల గదిలో అంటుకుంటే ఎవరూ ఆర్పలేరు, పైన అయితే కనీసం కనిపిస్తుంది.

పరిమితి 100 వాట్ అవర్లు. లెక్క సులువు. మిల్లీ ఆంపియర్ అవర్లను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగించండి. 10,000 అయితే 37 వస్తుంది, 20,000 అయితే 74. రెండూ సరే. 30,000 అయితే 111, దానికి విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ఎవరూ ఒప్పుకోరు. మీద అంకెలు చెరిగిపోయినదాన్ని, బండి మీద కొన్న పేరులేనిదాన్ని ఆపేసే అవకాశం ఉంది. విమానంలో దాన్ని పై అరలో కాకుండా దగ్గరే ఉంచుకోండి. ఫోను చార్జింగ్ ఇంట్లోనో విమానాశ్రయంలోనో ముగించుకోండి.

కొబ్బరినూనె, షాంపూ, నెయ్యి?

విదేశీ విమానానికి నిబంధన స్పష్టం. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన జిప్ కవరులో ఉండాలి. సగం ఖాళీ అయిన 200 సీసా కుదరదు, సీసా మీద రాసిన అంకే లెక్క. దేశీయ ప్రయాణంలో ఇంత పట్టింపు కనిపించదు, అయినా చిన్న సీసాలే నయం. పేరిన నెయ్యి కూడా వాళ్ల లెక్కలో ద్రవమే, చెకిన్ పెట్టెకు పంపండి. పసిపిల్లల పాలు, తిండి దారికి సరిపడా తీసుకెళ్లనిస్తారు.

సీసాలు ఎందుకు కారతాయో చాలామందికి తెలియదు. పైకి వెళ్లాక విమానం లోపల గాలి ఒత్తిడి కొండ మీద ఉన్నంతగా, ఆరేడు వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా తగ్గుతుంది. సీసాలో ఉన్న గాలి వ్యాకోచించి నూనెను మూతలోంచి నెడుతుంది. ప్లాస్టిక్ సీసాను కాస్త నొక్కి గాలి పోనిచ్చి, నొక్కి ఉండగానే మూత పెట్టండి.

షుగర్ ఇన్సులిన్, బీపీ మాత్రలు?

చేతి బ్యాగులోనే, ఒక్క మాత్ర కూడా కిందికి వద్దు. సామాన్ల గదిలో ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు. డాక్టర్ చీటీ వెంట ఉంటే సూదులతో సహా రానిస్తారు. మాత్రలను డబ్బాలో కలిపేయకుండా రేకు పట్టీలతోనే ఉంచండి, పేరు కనిపించాలి. మొత్తం ప్రయాణానికి ఎన్ని కావాలో అన్ని, పైన మూడు రోజులకు అదనం. ఎండాకాలంలో షాద్‌నగర్ దగ్గర టీకి ఆగి ఇన్సులిన్‌ను ఆపిన కారులో వదిలేయకండి. మే నెలలో మూసిన కారు పొయ్యితో సమానం.

పెళ్లికి వెళ్తున్నాం. బంగారం, పట్టుచీరలు?

బంగారం చేతి బ్యాగులో, లోపలి జిప్ అరలో, బిల్లుల ఫోటోలు ఫోన్లో. ఎక్కువ నగలుంటే పక్కన గదిలో చూడమని అడగవచ్చు. ఆడవాళ్లను మహిళా సిబ్బందే తెర వెనుక తనిఖీ చేస్తారు. చీరల్లో మీకు బాగా కావలసిన ఒక్కటి, ముహూర్తం చీర, చేతిలో పెట్టుకోండి. గద్వాల చీర అయితే జరీ అంచు మీద మడత పడకుండా మడిచి నూలు గుడ్డలో చుట్టాలి. పోచంపల్లి ఇక్కత్ అంత సుకుమారం కాదు. మిగతావన్నీ కింద.

కత్తెర, అగ్గిపెట్టె?

కత్తి, కత్తెర చెకిన్ పెట్టెలో. అగ్గిపెట్టె, లైటర్ ఎక్కడా వద్దు. పూజ సంచిలో అగరొత్తుల పక్కన అగ్గిపెట్టె ఉంటుంది, చూసి తీసేయండి.

## బయలుదేరే రోజు

ఇంటి నుంచి ఎప్పుడు కదలాలి?

మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ సుమారు 80 కిలోమీటర్లు, బెంగళూరు రహదారి మీద తిన్నగా వస్తుంది. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వంద దాటుతుంది. దేశీయ విమానాలకు చాలా సంస్థలు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. కనుక దేశీయానికి విమానం వేళకు ఐదు గంటల ముందు ఇల్లు వదలమంటాను, విదేశానికి ఏడు. నవ్వేవాళ్లు నవ్వుతారు. సంక్రాంతి తిరుగు ప్రయాణాల్లో పంతంగి టోల్ గేటు దగ్గర వాహనాల వరస చూసినవాళ్లు నవ్వరు.

ఏ కాగితాలు పైన ఉండాలి?

టికెట్, గుర్తింపు కార్డు. దేశీయానికైతే ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్‌లలో ఏదైనా ఒకటి, విదేశానికైతే పాస్‌పోర్టే. ఒడిలో కూర్చోబెట్టుకునే రెండేళ్లలోపు పిల్లలకు వయసు చూపే పత్రం. శంషాబాద్‌లో డిజియాత్ర ఉంది, ముఖం చూసి తలుపు తెరుచుకుంటుంది. అయినా కార్డు వెంట ఉండాల్సిందే. వీటికి బ్యాగు బయటి జేబు ఒకటి కేటాయించి, అందులో ఇంకేదీ పెట్టకండి. దువ్వెన కూడా.

## తనిఖీ దగ్గర

ట్రేలో ఏమేమి విడిగా పెట్టాలి?

లాప్‌టాప్, ఫోను, పవర్ బ్యాంకు, చార్జర్ తీగలు, బెల్టు, పర్సు. విదేశానికైతే ద్రవాల కవరు కూడా. ఇవన్నీ బ్యాగులో అట్టడుగున పెట్టి, వెనుక యాభై మంది నిలబడి ఉండగా లోదుస్తుల కింది నుంచి తవ్వి తీయడం చూస్తుంటాను. సర్దేటప్పుడే వీటిని ఆఖరున, అన్నింటికన్నా పైన పెట్టండి. తీగలన్నీ ఒకే చిన్న సంచిలో ఉంటే ఒక్క చేత్తో తీయవచ్చు. ట్రేలు ఎన్నయ్యాయో లెక్కపెట్టుకోండి. అవతల మర్చిపోయేది ఎక్కువగా బెల్టే.

వద్దన్న వస్తువును ఏం చేయాలి?

మూడు దారులు. వేళ ఉంటే వెనక్కి వెళ్లి కౌంటర్లో చెకిన్ చేయవచ్చు. దించడానికి వచ్చినవాళ్లు ఇంకా బయటే ఉంటే వాళ్లకు అందించవచ్చు. అందుకే, నేను లోపలికి చేరానని ఫోన్ చేసేదాకా కారు కదలవద్దని చెప్పండి. రెండూ కుదరకపోతే వదిలేయడమే. అక్కడ వాదిస్తే వస్తువుతో పాటు విమానం కూడా పోతుంది.

నీళ్ల సీసా?

ఖాళీ సీసా తీసుకెళ్లి తనిఖీ దాటాక నింపుకోండి. లోపల కుళాయిలు ఉన్నాయి.

## మొదటిసారి ఎక్కేవాళ్లకు

అమ్మానాన్న మొదటిసారి ఒంటరిగా వెళ్తున్నారు. వాళ్ల చేతి బ్యాగు ఎలా సర్దాలి?

మీరు సర్దకండి, వాళ్లతోనే సర్దించండి. మీరు పక్కన కూర్చుని చెప్పండి. కొడుకు సర్దిన బ్యాగులో మందు ఎక్కడుందో తల్లికి తెలియదు. విమానం ఊగుతున్నప్పుడు వెతుక్కోవాలంటే కంగారు. ఎడమ జేబులో మందులు, కుడి జేబులో కళ్లద్దాలు అని రెండుసార్లు తీసి, పెట్టి చూపించమనండి.

స్వెటర్ గానీ శాలువా గానీ తప్పనిసరి. రోహిణి ఎండలో ఊరి నుంచి బయలుదేరినవాళ్లు లోపలి చలికి వణుకుతారు. ఒక పూట ఆలస్యమైనా సరిపోయేట్టు జొన్న రొట్టెలో చపాతీలో కట్టండి, పొడి కూర పెట్టండి. చెకిన్ పెట్టె ఆలస్యంగా వస్తుందేమో కనుక ఒక జత బట్టలు చేతిలో ఉండాలి. నాన్న చెప్పులు వదులుగా, తీసి తొడుక్కునేలా ఉండాలి.

ఫోను చార్జింగ్ అయిపోతే నంబర్లన్నీ పోయినట్టే. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో మీ నంబరు, దించుకోవడానికి వచ్చేవాళ్ల నంబరు, విమానం నంబరు తెలుగులో ఒకవైపు, ఇంగ్లిష్‌లో ఒకవైపు రాసి చొక్కా జేబులో పెట్టండి. చీర అయితే కొంగుకు ముడి వేసినా సరే. మా చిన్నమ్మ రెండోసారి బెంగళూరు వెళ్లినప్పుడు అలాగే ముడి వేసుకుంది. ఆ అట్టముక్కతో పాటు అదే ముడిలో రెండు ఎండు మామిడి ఒరుగులు కూడా ఉన్నాయని దిగాక ఫోన్లో చెప్పింది. వాటి జోలికి ఎవరూ రాలేదట.